పసివారి పగలూ రాత్రీ: ‘యుక్తం’ ఎవరి ధర్మం?

భగవద్గీత ఆరవ అధ్యాయంలో ధ్యానయోగాన్ని బోధించే సందర్భంలో, ఆసనం ఎలా ఉండాలి, చూపు ఎక్కడ నిలపాలి అనే విషయాలు చెప్పిన తరువాత, 16, 17 శ్లోకాలలో బోధ అతి సామాన్యమైన ఇంటి విషయాలవైపు మళ్ళుతుంది. మితిమీరి తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ, అదేపనిగా నిద్రపోయేవాడికీ, నిద్ర మానుకొని మేలుకొని ఉండేవాడికీ యోగం కుదరదనీ, ఆహారమూ విహారమూ, పనులలో చేసే చేష్ట, నిద్ర, మెలకువ అనేవన్నీ ‘యుక్తం’గా ఉన్నవాడికే యోగం దుఃఖాన్ని పోగొట్టేది అవుతుందనీ ఆ రెండు శ్లోకాల భావం. మోక్షాన్ని గురించి మాట్లాడుతున్న గ్రంథం పడుకునే వేళ గురించీ లేచే వేళ గురించీ ఇంత పట్టించుకోవడం వెనుక, మనస్సు శాంతి పొందడానికి దినచర్యే పునాది అన్న నిశ్చయం ఉంది.

‘యుజ్’ ధాతువు నుంచి వచ్చిన ‘యుక్తం’ అనే మాటకు కలిసినది, తగినది, అదుపులో ఉన్నది అనే అర్థాలు ఉన్నాయి. శంకరాచార్యులు తమ గీతాభాష్యంలో ఆహారవిహారాల విషయంలో దీన్ని నియతమైన పరిమాణంగానూ, నిద్రామెలకువల విషయంలో నియతమైన కాలంగానూ విడదీసి వివరించారు. అంటే తినడానికీ తిరగడానికీ కొలత ముఖ్యమైతే, పడుకోవడానికీ లేవడానికీ వేళ ముఖ్యమని ఆ వివరణ వల్ల తెలుస్తుంది. ఈ బోధ విన్న అర్జునుడు వయసు వచ్చినవాడు, తన మనస్సును తాను పరిశీలించుకోగలిగినవాడు, అది గాలిలా పట్టుకు చిక్కడం లేదని అదే అధ్యాయంలో మొరపెట్టుకున్నవాడు. మనస్సు అనేదొకటి ఉన్నదనీ, అది అలసిపోతుందనీ, దానికి విశ్రాంతి కావాలనీ ఇంకా తెలియని మూడేళ్ళ బిడ్డకు ఈ యుక్తం ఎలా వర్తిస్తుంది, దాన్ని పాటించవలసినవారు ఎవరు అనే ప్రశ్న, పసివారి మానసిక ఆరోగ్యాన్ని గురించిన నేటి చర్చ అంతటికీ అడుగున ఉన్న ధర్మప్రశ్న.

ఇక్కడ పసివారు అంటే ఇంకా ఒకటో తరగతి గడప తొక్కని 3 నుంచి 5 ఏళ్ళ పిల్లలు, అంగన్‌వాడీకో నర్సరీకో వెళ్ళే వయసువారు. వారి మానసిక ఆరోగ్యం అంటే జబ్బు లేకపోవడం మాత్రమే అనుకోవడం సరికాదు. ఏడుపు వచ్చినప్పుడు కొంతసేపటికి తేరుకోగలగడం, తోటిపిల్లలతో కలిసి ఆడగలగడం, తన వంతు వచ్చేదాకా ఆగగలగడం, కొత్తదాన్ని చూసి భయపడినా తల్లిదండ్రుల అండతో దాని దగ్గరికి వెళ్ళగలగడం ఆ ఆరోగ్యానికి గుర్తులు. అది దెబ్బతిన్నప్పుడు కనిపించే లక్షణాలను మానసిక శాస్త్రజ్ఞులు రెండు వర్గాలుగా చూస్తారు: దిగులు, భయం, ముడుచుకుపోవడం వంటి లోపలికి తిరిగినవి అంతర్ముఖ సమస్యలు, కోపం, కొట్టడం, నిలకడలేమి వంటి బయటికి తన్నుకువచ్చేవి బహిర్ముఖ సమస్యలు. కదలిక, విశ్రాంతి, టీవీ-ఫోన్ల తెర అనే మూడూ పసివాడి రోజును పంచుకునే తీరు ఈ రెంటి మీదా పనిచేస్తుందన్నది ఇటీవలి పరిశోధన చెబుతున్న మాట.

కోశాల వరస

తైత్తిరీయోపనిషత్తులో మనిషిని అన్నమయం, ప్రాణమయం, మనోమయం, విజ్ఞానమయం, ఆనందమయం అనే ఐదు పొరలుగా వివరించిన భాగం ఉంది. వీటికే పంచకోశాలని తరువాతి వేదాంత గ్రంథాలలో పేరు స్థిరపడింది. ఆ వరసలో మనస్సు మూడవది కావడం గమనించదగ్గది. అన్నంతో ఏర్పడిన శరీరం, దానిలో కదిలే ప్రాణం ముందుగా ఉండి, వాటిని ఆధారం చేసుకొని మనోమయం నిలుస్తుంది. 2022లో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యచట్రం, అంటే 3 నుంచి 8 ఏళ్ళ పిల్లల చదువుకు మన దేశంలో తయారైన మార్గదర్శక పత్రం, ఈ పంచకోశ భావననే పిల్లల సమగ్ర వికాసాన్ని వివరించడానికి వాడుకున్నది. శరీరాన్ని కూర్చోబెట్టి మనస్సుకు మాత్రమే చదువు చెప్పాలనుకునే అలవాటుకు ఈ ప్రాచీన వరస సరైన సమాధానం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిల్‌లో ఐదేళ్ళలోపు పిల్లల కోసం విడుదల చేసిన సూచనలు కూడా, తమదైన భాషలో, ఈ వరసనే అనుసరించాయి. 3, 4 ఏళ్ళ పిల్లలు రోజు మొత్తంమీద కనీసం 180 నిమిషాలు ఏదో ఒక రకమైన కదలికలో గడపాలనీ, అందులో కనీసం 60 నిమిషాలు రొప్పు వచ్చేంత చురుకైన ఆట ఉండాలనీ, పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు నిద్రపోవాలనీ, కదలకుండా కూర్చొని తెర చూసే సమయం గంటకు మించకూడదనీ, అంతకన్నా తక్కువైతే మరింత మేలనీ ఆ సూచనలు చెబుతున్నాయి. పిల్లలను బండిలోనో కుర్చీలోనో బిగించి ఒకేసారి గంటకు మించి ఉంచకూడదన్నది వాటిలో మరొక మాట. ఏడాది లోపు పిల్లలకూ, ఏడాది పిల్లలకూ తెర అసలే వద్దు. భారతీయ పిల్లల వైద్యుల సంఘం ప్రకటించిన మార్గదర్శకాలు కూడా రెండేళ్ళలోపు తెర పూర్తిగా మానాలనీ, రెండు నుంచి ఐదేళ్ళ మధ్య పెద్దలు పక్కన ఉండగా గంటకు మించరాదనీ చెబుతున్నాయి.

ఈ అంకెలలో కొత్తదనం వాటి పరిమాణంలో కన్నా వాటిని ఒకచోట చేర్చడంలో ఉంది. అంతకుముందు వ్యాయామానికి ఒక సలహా, నిద్రకు ఒక సలహా, టీవీకి ఒక సలహా విడివిడిగా ఉండేవి. 2017లో కెనడా, ఆస్ట్రేలియా దేశాలు ఈ వయసు పిల్లలకు మొదటిసారిగా 24 గంటలనూ ఒకే మొత్తంగా తీసుకొని సూచనలు రూపొందించాయి. రోజుకున్న గంటలు పెరగవు కనుక, తెరకు పోయిన గంట ఆటలోనుంచో నిద్రలోనుంచో కథలోనుంచో తగ్గవలసిందే. గీత ఆహారాన్నీ విహారాన్నీ చేష్టనూ నిద్రనూ మెలకువనూ ఒకే శ్లోకంలో పక్కపక్కన పేర్చడంలో ఉన్న వివేకం కూడా ఇదే. వాటిలో ఏ ఒక్కటి అతిగా పెరిగినా మిగిలినవాటి యుక్తం చెడుతుంది.

ఆట: లీల, అవధానం

పసివాడి కదలికను వ్యాయామం అని పిలవడం వైద్యులకు సౌకర్యమే కాని, బిడ్డ దృష్టిలో అది ఆట. బ్రహ్మసూత్రాలలో ఏ కొరతా లేని బ్రహ్మం ఈ జగత్తును ఎందుకు సృష్టించిందన్న ప్రశ్నకు, లోకంలో కనిపించే ఆట వంటిదే అది, దానికి వేరే ప్రయోజనం వెతకనక్కరలేదు అన్న సమాధానం ఉంది. లీల అన్న ఆ మాటను వైష్ణవ సంప్రదాయం బాలకృష్ణుడి జీవితంలో కళ్ళకు కట్టించింది. రోటికి కట్టేసినా ఆ రోటిని ఈడ్చుకుంటూ మద్దిచెట్ల మధ్యకు పోయిన బిడ్డగా పోతన భాగవతం చదివిన ప్రతి తెలుగింటికీ ఆయన పరిచితుడు. దైవాన్ని పసివాడిగా ఊహించిన సంప్రదాయం ఆ పసివాణ్ణి కదలకుండా కూర్చున్నవాడిగా ఊహించలేదు. కదలిక పసితనపు స్వభావమనీ, దాన్ని ఆపడం స్వభావానికి అడ్డుకట్ట వేయడమనీ ఆ కథ విన్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఆటకు బయటి ప్రయోజనం వెతకనక్కరలేకపోయినా, దానివల్ల మనస్సులో జరిగే నిర్మాణాన్ని పరిశీలించవచ్చు. దాగుడుమూతలలో దొంగ అయిన నాలుగేళ్ళ పిల్ల, తన కళ్ళు మూసిన పెద్దపిల్ల వేళ్ళ సందుల్లోనుంచి వెలుగు కనిపిస్తున్నా, చూడాలన్న కోరికను అణచుకొని, అందరూ దాక్కునేదాకా ఆగుతుంది. ఒకసారి తొంగి చూసి దొరికిపోయి, మరుసటిసారి కళ్ళు మరింత గట్టిగా మూసుకుంటుంది. కాళ్ళాగజ్జె ఆడేటప్పుడు వరసగా కాళ్ళు చాపుకున్న పిల్లలు, పాట చివరి మాట ఎవరి కాలి మీద పడుతుందోనని ఊపిరి బిగబట్టి చూస్తూ, తమ వంతు వచ్చేదాకా కాలు ముడవకుండా నిలుపుకుంటారు. ఇలా కోరికను కాసేపు ఆపడం, నియమాన్ని గుర్తుంచుకోవడం, పరిస్థితి మారితే తానూ మారడం అనే మూడు శక్తులను మానసిక శాస్త్రం కార్యనిర్వహణ శక్తులని పిలుస్తుంది. ఈ వయసులో వేగంగా పెరిగే ఈ శక్తుల మీదనే తరువాతి కాలపు నిగ్రహమూ, చదువూ, స్నేహాలూ చాలావరకు ఆధారపడతాయి.

తెలుగువారికి ఈ విషయాన్ని చెప్పడానికి ‘అవధానం’ కన్నా మంచి మాట లేదు. అష్టావధానం, శతావధానం అనే సాహిత్య విద్యల పేరులో ఉన్న ఆ మాటకు మూలార్థం మనస్సును ఒకదానిమీద నిలపడం. చుట్టూ కూర్చున్న పృచ్ఛకులు ఎన్ని వైపులనుంచి లాగినా దారం తెగకుండా పట్టుకోవడాన్ని ధారణ అంటారు. ఈ అర్థంలో అవధానం లోపలినుంచి బయటికి వెళ్ళే శక్తి. మెరుపులాంటి రంగులూ శబ్దాలూ చూపును పట్టుకున్నప్పుడు జరిగేది దీనికి ఎదురు దిశలో, బయటినుంచి లోపలికి జరిగే ఆకర్షణ. ఒక బిడ్డ తెరముందు గంటసేపు కదలకుండా కూర్చుంటే శ్రద్ధ కుదిరిందని పెద్దలు పొరబడటానికి కారణం ఈ రెంటినీ ఒకటిగా చూడటమే. ఇసుకలో కట్టిన బొమ్మరిల్లు కూలిపోయినప్పుడు ఏడ్చి, మళ్ళీ మొదలుపెట్టిన బిడ్డ అవధానాన్ని సాధన చేస్తున్నాడు. తెర ముందున్న బిడ్డకు ఆ సాధన దొరకదు, ఎందుకంటే అక్కడ చూపును నిలిపే పని తెరే చేసిపెడుతుంది.

2011లో ప్రచురితమైన అమెరికా ప్రయోగమొకటి ఈ తేడాను స్వల్పకాలంలో చూపించింది. 60 మంది నాలుగేళ్ళ పిల్లలను మూడు గుంపులుగా చేసి, ఒక గుంపుకు దృశ్యాలు చకచకా మారే కార్టూనునూ, మరొక గుంపుకు నెమ్మదైన విద్యా కార్యక్రమాన్నీ 9 నిమిషాలు చూపించి, మూడవ గుంపును అంతసేపు బొమ్మలు గీయనిచ్చారు. వెంటనే పెట్టిన పరీక్షలలో వేగమైన కార్టూను చూసినవారి కార్యనిర్వహణ శక్తి మిగిలినవారికన్నా గమనించదగినంత తగ్గి కనిపించింది. ఆ ప్రభావం ఎంతకాలం నిలుస్తుందో ఆ ప్రయోగం కొలవలేదు కాని, పసిమనస్సు ఎంత కొద్దిసేపటికి అలసిపోగలదో చూపించింది.

నిద్ర కూడా మనస్సు చేసే పనే

పతంజలి యోగసూత్రాలలో ప్రమాణం, విపర్యయం, వికల్పం, నిద్ర, స్మృతి అనే ఐదింటిని చిత్తవృత్తులుగా, అంటే మనస్సు కదిలే తీరులుగా లెక్కించారు. నిద్రను మనస్సు ఆగిపోయిన స్థితిగా భావించకుండా, జ్ఞాపకంతో సమానంగా ఒక వృత్తిగా చేర్చడం లోతైన పరిశీలన. లేవగానే హాయిగా నిద్రపోయానని మనిషి చెప్పగలుగుతున్నాడంటే, ఆ సమయంలోనూ మనస్సు ఏదో ఒక తీరుగా పనిచేస్తూ ఉండవలసిందేనని వ్యాఖ్యాతలు దీన్ని సమర్థించారు.

ఆ సూత్రాలకు ఎంతో కాలం తరువాత, 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బడిముందు వయసు పిల్లల మధ్యాహ్నపు కునుకును పరిశీలించారు. 40 మంది పిల్లలకు పొద్దున్న ఒక పలకమీద ఏ బొమ్మ ఏ గడిలో ఉందో గుర్తుపెట్టుకునే ఆట నేర్పి, ఒక రోజు మధ్యాహ్నం వారిని పడుకోనిచ్చి, మరొక వారం అదే వేళకు మేలుకొని ఉండనిచ్చి, రెండు సందర్భాలలోనూ ఎంత గుర్తుందో పోల్చారు. పడుకున్నప్పుడు నిలిచిన జ్ఞాపకం, మేలుకున్నప్పుడు జారిపోయింది. ఆ రాత్రి నిద్రపోయినా అది పూర్తిగా తిరిగి రాలేదు. పగటి కునుకు అలవాటున్న పిల్లలలో ఈ తేడా ఎక్కువగా కనిపించింది. చరకసంహిత సూత్రస్థానంలో ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే మూడింటిని శరీరానికి ఊతకర్రలుగా పేర్కొని, వేసవిలో తప్ప పగటినిద్ర మంచిది కాదని పెద్దలకు చెప్పిన సందర్భంలో కూడా, ముసలివారికీ బలహీనులకూ పసిపిల్లలకూ ఆ నియమం వర్తించదని మినహాయించడం ఇక్కడ గుర్తుచేసుకోదగినది.

పసివాడి నిద్రకు వెలుగు పెద్ద అడ్డంకి. చీకటి పడేకొద్దీ మెదడులోనుంచి ఊరి, శరీరానికి రాత్రి అయిందని తెలిపే పదార్థాన్ని మెలటోనిన్ అంటారు. 2018లో కొలరాడోలో జరిగిన ఒక చిన్న పరిశోధనలో, 3 నుంచి 5 ఏళ్ళ 10 మంది పిల్లలను పడుకునే ముందు గంటసేపు బాగా వెలుగున్న బల్ల దగ్గర ఆడుకోనిచ్చినప్పుడు, వారి మెలటోనిన్ దాదాపు 90 శాతం తగ్గింది. వెలుగు ఆర్పేసిన 50 నిమిషాల తరువాత కూడా ఎక్కువమందిలో అది సగానికి చేరుకోలేదు. ఆ వెలుగు ఫోన్ వెలుగుకన్నా ఎక్కువదే అయినా, పసికళ్ళు వెలుగుకు ఎంత త్వరగా లోబడతాయో దీనివల్ల తెలుస్తుంది. దీపం తగ్గించి, గొంతు తగ్గించి, జోలపాటతోనో కథతోనో బిడ్డను రాత్రిలోకి నడిపించిన పాత పద్ధతిలో శరీరశాస్త్రం తెలియకపోయినా శరీరం పట్ల గౌరవం ఉంది. నిద్రను విశ్రాంతిగా, రాత్రిని ఆచ్ఛాదనగా, పగటిని జీవనోపాధికి వేళగా ఖురాను చెప్పడమూ, పనిమనుషులకూ పశువులకూ కూడా వర్తించే విశ్రాంతి దినాన్ని యూదు, క్రైస్తవ గ్రంథాలు ఆజ్ఞగా నిలపడమూ చూస్తే, విశ్రాంతి అనేది పని చేసినందుకు దొరికే కూలి అని కాక, జీవికి దేవుడిచ్చిన హక్కు అనే భావం ఈ మతాలన్నిటిలోనూ పారుతున్నదని అర్థమవుతుంది.

తెర: అతియోగం, మిథ్యాయోగం

ఆయుర్వేదం రోగకారణాలను వర్గీకరించినప్పుడు, ఇంద్రియాలకూ వాటి విషయాలకూ కుదిరే తప్పుడు సంబంధాన్ని ఒక ముఖ్యకారణంగా చెప్పి, దాన్ని మళ్ళీ మూడుగా విభజించింది. ఇంద్రియాన్ని మితిమీరి వాడటం అతియోగం, అసలే వాడకపోవడం అయోగం, వాడకూడని తీరులో వాడటం మిథ్యాయోగం. చూపు విషయంలో, మిక్కిలి మెరిసే వాటిని అదేపనిగా చూడటం అతియోగమనీ, మరీ దగ్గరగా చూడటం, భయంకరమైనవాటినీ వికృతమైనవాటినీ చూడటం మిథ్యాయోగమనీ చరకసంహిత వివరించింది. ముఖానికి జానెడు దూరంలో ఫోన్ పట్టుకొని, ఒకదాని వెంట ఒకటిగా తమంతట తామే వచ్చిపడే చిన్నచిన్న వీడియోలను చూస్తున్న బిడ్డ విషయంలో ఈ మాటలు కొత్త వ్యాఖ్య అవసరం లేకుండానే అన్వయిస్తాయి. అదే సమయంలో మట్టిని ముట్టని చేతులకూ, పరుగెత్తని కాళ్ళకూ కలుగుతున్నది అయోగం.

దీనికి ఎదురుగా బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది. పసివాడికి అన్నం తినిపించడానికి తల్లులు ఎప్పుడూ ఏదో ఒకటి చూపిస్తూనే ఉన్నారనీ, చందమామను చూపి గోరుముద్దలు పెట్టిన చేతికీ, పెరుగుగిన్నెకు ఫోన్ ఆనించి ముద్దలు పెడుతున్న చేతికీ తేడా లేదనీ ఎవరైనా అనవచ్చు. ఆ రెండు దృశ్యాలనూ దగ్గరగా చూస్తే తేడా బయటపడుతుంది. పెరట్లో చంకనెత్తుకున్న బిడ్డ చందమామను చూసి, వేలు చూపించి, వెంటనే తల్లి ముఖంవైపు తిరుగుతాడు, తాను చూసినదాన్ని ఆమె కూడా చూసిందో లేదో తెలుసుకోవడానికి. ఆమె ఏదో అంటుంది, అతడు నోరు తెరుస్తాడు, ముద్ద లోపలికి పోతుంది, చందమామ ఉన్నచోటనే ఉంటుంది. ఇలా ఇద్దరూ ఒకే వస్తువును చూస్తూ ఒకరి చూపును మరొకరు గమనించుకోవడాన్ని ఉమ్మడి అవధానం అంటారు. మాటలు రావడానికీ, ఎదుటివారి మనస్సు తెలియడానికీ అది మొదటి మెట్టు. ఫోన్ ముందు కూర్చున్న బిడ్డ ముద్ద వైపూ తల్లి వైపూ తిరగడు, ఎందుకంటే తిరిగితే ఏదో ఒకటి తప్పిపోతుంది. కడుపు నిండిన సంగతి కూడా అతడికి ఆలస్యంగానే తెలుస్తుంది. చందమామ ఇద్దరినీ కలిపితే, ఈ తెర ఒకరిని మరొకరినుంచి విడదీస్తుంది.

అందుచేత తెరలన్నీ ఒకటే అనడం కూడా న్యాయం కాదు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న మనుమరాలికి వీడియో కాల్‌లో తాతయ్య చప్పట్లు కొడితే, ఆ పిల్ల తిరిగి చప్పట్లు కొడుతుంది. అక్కడ తెర వెనుక జవాబిచ్చే మనిషి ఉన్నాడు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2016లో 18 నెలలలోపు పిల్లలకు తెర వద్దని చెప్పినప్పుడు వీడియో సంభాషణను మాత్రం మినహాయించడానికి కారణం ఇదే. పెద్దలు పక్కన కూర్చొని, ఆపి ఆపి మాట్లాడుతూ చూపించే ఒక నెమ్మదైన కథ కూడా, ఒంటరిగా వదిలేసిన తెరతో సమానం కాదు.

పరిశోధన చెప్పిన దానిని ఉన్నంతవరకే తీసుకోవడం సత్యానికి చూపవలసిన గౌరవం. కెనడాలో పుట్టుకనుంచి పిల్లలను వెంబడించిన ఒక అధ్యయనం 2019లో, 2,400 మందికి పైగా ఐదేళ్ళ పిల్లలలో, రోజుకు అరగంటలోపు తెర చూసేవారితో పోలిస్తే రెండు గంటలకు మించి చూసేవారిలో తీవ్రమైన బహిర్ముఖ సమస్యలు కనిపించే అవకాశం ఐదు రెట్లు ఎక్కువని తెలిపింది. ఇది సహసంబంధం, అంటే రెండు విషయాలు కలిసి కనిపించడం. ఒకటి రెండవదానికి కారణమని ఇంతమాత్రంచేత రుజువు కాదు, ఎందుకంటే సముదాయించడం కష్టమైన బిడ్డకే ఎక్కువగా ఫోన్ ఇచ్చి ఉండవచ్చు. అదే సంవత్సరం ఆ దేశపు అల్బెర్టా రాష్ట్రంలో 2,441 మంది తల్లీబిడ్డలను రెండేళ్ళ వయసునుంచి ఐదేళ్ళ వయసుదాకా గమనించిన మరొక అధ్యయనంలో, ముందు తెర పెరిగిన పిల్లలలో తరువాత వికాస పరీక్షలలో వెనుకబాటు కనిపించింది కాని, ముందు వెనుకబడినందువల్ల తరువాత తెర పెరిగినట్లు కనిపించలేదు. కారణం ఏ వైపునుంచి మొదలైందన్న ప్రశ్నకు ఇది పూర్తి సమాధానం కాకపోయినా, జాగ్రత్తపడటానికి సరిపోయే ఆధారం.

యుక్తాన్ని మోసేవారు

ఈ ఆధారాలన్నీ మొదటి ప్రశ్న దగ్గరికే తిరిగివస్తాయి. బిడ్డకు తన రోజును కొలుచుకునే శక్తి లేదు; అతడి నిద్రవేళను ఇంట్లో దీపం ఆరే వేళ నిర్ణయిస్తుంది, ఆటను వాకిలి నిర్ణయిస్తుంది, తెరను పెద్దల చేతిలోని ఫోన్ నిర్ణయిస్తుంది. చరకసంహిత శారీరస్థానంలో బాలసంరక్షణను వివరిస్తూ, బొమ్మలు రంగురంగులవిగా, శబ్దం చేసేవిగా, తేలికగా ఉండాలనీ, మొనదేలి ఉండకూడదనీ, నోట్లో పట్టేంత చిన్నవి కాకూడదనీ, బిడ్డను భయపెట్టేవి కాకూడదనీ చెప్పి, ఏడుస్తున్నాడనో తినడంలేదనో రాక్షసుల పేర్లు చెప్పి బెదిరించవద్దని కూడా హెచ్చరించింది. ఆ నియమాలలో బిడ్డకు ఇచ్చిన ఆజ్ఞ ఒక్కటీ లేదు. అన్నీ పెద్దలకు ఇచ్చినవే. పసివాడి యుక్తం పెద్దలు మోయవలసిన ధర్మమని సంప్రదాయం ఇలా మౌనంగా తేల్చిచెప్పింది.

ఆ ధర్మం బిడ్డను అదుపు చేయడంతో మొదలు కాదు, పెద్దలు తమను తాము అదుపు చేసుకోవడంతో మొదలవుతుంది. ఏడుస్తున్న బిడ్డ చేతిలో ఫోన్ పెట్టినప్పుడు ఏడుపు ఆగుతుంది కాని, ఏడుపులోనుంచి బయటికి వచ్చే దారి బిడ్డకు తెలియకుండా పోతుంది. 3 నుంచి 5 ఏళ్ళ పిల్లలున్న 422 కుటుంబాలను పరిశీలించి మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022 చివర ప్రకటించిన ఫలితాలలో, సముదాయించడానికి తరచుగా ఫోన్ ఇచ్చిన పిల్లలలో, ముఖ్యంగా మగపిల్లలలోనూ స్వభావరీత్యా చురుకైనవారిలోనూ, కొన్ని నెలల తరువాత భావోద్వేగాలు మరింత త్వరగా రెచ్చిపోవడం కనిపించింది. దీనికి జతగా, 1970లలో ఎడ్వర్డ్ ట్రానిక్ చేసిన ప్రయోగాలలో, తల్లి కొద్ది నిమిషాలపాటు ఏ భావమూ లేని ముఖంతో ఎదుట కూర్చున్నప్పుడు, కొన్ని నెలల పసికందు నవ్వి, చేతులు చాపి, ఆమెను పిలవడానికి ప్రయత్నించి, చివరకు ముఖం తిప్పుకొని కుంగిపోవడం గమనించారు. ఫోన్‌లో మునిగిన పెద్దవారి ముఖం బిడ్డకు ఎలా కనిపిస్తుందో ఆలోచించవలసినవారికి ఈ ప్రయోగం సరిపోతుంది. బిడ్డ తెర సమయాన్ని లెక్కపెట్టే ఇంట్లో పెద్దల తెర సమయం లెక్కకు రాకపోతే, ఆ లెక్క సగమే.

అయితే ఈ ధర్మభారాన్ని తల్లి ఒక్కతెమీద మోపడం అధర్మం. పొద్దున్నే పనికి వెళ్ళి రాత్రికి తిరిగి వచ్చే కూలి తల్లికీ, ఒకే గదిలో కాపురం ఉంటూ వాకిలి లేని కుటుంబానికీ, తాతాబామ్మలు దగ్గరలేని నగరపు దంపతులకూ ఫోన్ ఒక్కటే తోడుగా మిగిలిందంటే, అది వారి దోషం కన్నా వారి చుట్టూ ఉన్న సమాజపు లోటు. వేదం మనిషి పుట్టుకతోనే ఋషులకూ దేవతలకూ పితరులకూ ఋణపడి ఉన్నాడని చెప్పి, సంతానం ద్వారా పితృఋణం తీరుతుందన్నది. కని వదిలేస్తే తీరే ఋణం కాదది, పెంచడంతో తీరే ఋణం. ఆ పెంపకంలో ఊరికీ వాటా ఉంది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద వచ్చిన అంగన్‌వాడీ కేంద్రానికి ఆడుకోవడానికి నీడ ఉన్న ఖాళీస్థలం ఉండటం, అపార్టుమెంటు కట్టేటప్పుడు కార్ల చోటుతో పాటు పిల్లల చోటు కూడా ప్లానులో ఉండటం, చిన్నపిల్లల తల్లిదండ్రులకు సాయంత్రపు గంట మిగిలేలా పనివేళలు ఉండటం ధర్మవిషయాలే.

యుక్తం అంటే కఠిన నియమం కూడా కాదు. ప్రయాణంలో, జ్వరంలో, ఇంట్లో కష్టం వచ్చిన రోజున కొలత తప్పుతుంది. తప్పిన రోజును చూసి కుమిలిపోయే పెద్దలు బిడ్డకు శాంతిని ఇవ్వలేరు. గీత అతిని రెండు వైపులా తోసిపుచ్చింది కనుక, మితిమీరిన భయం కూడా ఒక అతియే. ప్రతిరోజూ దాదాపు అదే వేళకు వచ్చే అన్నం, కాళ్ళు అలిసేదాకా ఆడే ఆట, దీపం తగ్గిన గదిలో పెద్దవారి గొంతు అనేవి చాలాకాలం కొనసాగితే, అప్పుడప్పుడు తప్పిన కొలతను అవి భరించగలవు.

ఎవరింట్లోనైనా రాత్రి భోజనాలు అయ్యాక, పెద్దలు తమ ఫోన్లను అలమరలో పెట్టి, బిడ్డ పక్కన పడుకొని కథ మొదలుపెట్టినప్పుడు, ఆ బిడ్డ మొదట నాలుగు ప్రశ్నలు అడుగుతాడు, తరువాత రెండు అడుగుతాడు, చివరకు ఒక ప్రశ్న మధ్యలో మాట ఆగిపోయి, పట్టుకున్న వేలు మీద పట్టు సడలుతుంది. నియతమైన కాలం అని భాష్యకారులు చెప్పిన మాట ఆ సమయంలో ఆచరణకు వస్తుంది. బిడ్డ దాన్ని పాటించాడని చెప్పడం కన్నా, బిడ్డ పక్షాన మరొకరు పాటించారని చెప్పడం సత్యం. ఇలా తనకోసం ఇతరులు మోసిన యుక్తాన్ని ఏళ్ళతరబడి అనుభవించిన బిడ్డే, పెద్దవాడైన నాడు దాన్ని తన చేతులతో అందుకోగలుగుతాడు.